ఎలక్ట్రిక్ కారు బుక్ చేశాక: రశీదుకూ తాళానికీ మధ్య నాలుగు తేదీలు

2025 ఫిబ్రవరి 14న మహీంద్రా కంపెనీ బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ అనే రెండు ఎలక్ట్రిక్ కార్లకు బుకింగ్‌లు తెరిచింది. తొలిరోజే 30,179 బుకింగ్‌లు వచ్చాయనీ, షోరూమ్ ధరల ప్రకారం వాటి విలువ 8,472 కోట్ల రూపాయలనీ ప్రకటించింది. వార్తల్లో మోగిపోయింది ఆ కోట్ల సంఖ్యే. అయితే ఆ రోజు జనం జేబులోంచి నిజంగా తీసిందెంత? బుకింగ్‌కు 21 వేలు. గుణించి చూస్తే 63 కోట్ల పైచిలుకు. మిగతా ఎనిమిది వేల నాలుగు వందల కోట్లు అప్పటికి ఎవరూ ఎవరికీ బాకీ లేరు. ఎవరికి నచ్చకపోయినా తప్పుకోవచ్చు. కంపెనీ కూడా ఫలానా రోజుకు ఇస్తానని ఎవరికీ రాసివ్వలేదు.

బుకింగ్ సొమ్ము కట్టిన మర్నాటి నుంచి మనవాళ్లు "కారు కొన్నాం" అనే చెప్పుకుంటారు. బంధువులకు ఫొటోలు వెళ్లిపోతాయి, రంగు మీద ఇంట్లో రెండో విడత వాదన మొదలవుతుంది. షోరూమ్ లెక్కలో మాత్రం అప్పటికి మనం వరుసలో నిలబడ్డవాళ్లమే. ఆ వరుసలో ఉండగా ధర పెరిగితే ఎవరు భరించాలి, పన్ను మారితే ఎవరికి వర్తిస్తుంది, ప్రభుత్వ మినహాయింపు గడువు దాటిపోతే నష్టం ఎవరిది? వీటన్నిటికీ ఒకే తేదీ జవాబు చెప్పదు. బుకింగ్ తేదీ, చాసిస్ నంబరు కేటాయించిన తేదీ, ఇన్వాయిస్ తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ అని నాలుగున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో సంగతిని తేలుస్తుంది. షోరూముల్లో నేను విన్న గొడవల్లో సగానికి సగం, ఒక తేదీ చేయాల్సిన పనిని ఇంకో తేదీ చేసేసిందని అనుకోవడం వల్ల వచ్చినవే.

బుకింగ్ రశీదు విలువ ఎంత

1930 నాటి వస్తు విక్రయ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని 18వ సెక్షన్ చెప్పేది సూటిగా ఇది: అమ్మకానికి ఒప్పుకున్న వస్తువు ఫలానాదని తేలనంతవరకూ దాని మీద యాజమాన్యం కొనేవారికి మారదు. బుకింగ్ రోజున మన కారంటూ ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఒక వర్ణన: ఈ మోడల్, ఈ వేరియంట్, ఈ బ్యాటరీ, ఈ రంగు. ఫ్యాక్టరీలో తయారై, 17 అక్షరాల చాసిస్ నంబరు పొందిన ఒక బండి మన పేరు పక్కన పడినప్పుడే 'ఏదో ఒక కారు' కాస్తా 'ఆ కారు' అవుతుంది. అంతవరకూ డీలరు కంప్యూటర్‌లో మనం ఒక వరుస సంఖ్య.

ఈ తేడా ఎంత దూరం పోగలదో టెస్లా చూపించింది. 2016 మార్చి 31న మోడల్ 3 కారును ప్రదర్శించి, వెయ్యి డాలర్లు కడితే వరుసలో చోటు ఇస్తామంది. వారం తిరిగేసరికి మూడు లక్షల పాతిక వేల మంది కట్టారు. అప్పటికి ఆ కారు తయారయ్యే లైనే లేదు. 2017 జులైలో తయారీ మొదలైంది గానీ, వారానికి అయిదు వేల కార్ల లక్ష్యాన్ని అందుకునేసరికి 2018 జూన్ ఆఖరైంది. అందుకోసం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ ఆవరణలో పెద్ద గుడారం వేసి అందులో ఒక అసెంబ్లీ లైను నడపాల్సి వచ్చింది. ఇంతలో ఇంకో గడియారం తిరుగుతోంది. అమెరికాలో ఎలక్ట్రిక్ కారు కొంటే అప్పట్లో 7,500 డాలర్ల పన్ను రాయితీ ఉండేది. ఒక కంపెనీ రెండు లక్షల కార్లు అమ్మాక ఆ రాయితీ దశలవారీగా తగ్గిపోవాలన్నది నిబంధన. టెస్లా ఆ గీతను 2018 జులైలో దాటింది. 2019 జనవరి నుంచి రాయితీ సగమైంది. ఒకే రోజు, ఒకే వెయ్యి డాలర్లు కట్టిన ఇద్దరిలో డిసెంబరులో కారు అందుకున్నవారికి 7,500, జనవరిలో అందుకున్నవారికి 3,750. ఊరించిన 35 వేల డాలర్ల చౌక రకం ఆర్డరుకు వచ్చింది 2019 ఫిబ్రవరి చివర్లో. దాని కోసమే ఓపిక పట్టినవాళ్లు పూర్తి రాయితీని ఎప్పుడో పోగొట్టుకున్నారు.

మన దేశం నుంచి కూడా 2016లో ఉత్సాహంగా వెయ్యి డాలర్లు కట్టినవాళ్లున్నారు. తొమ్మిదేళ్లు గడిచాయి. 2025 మేలో కంపెనీ వాళ్లకు మెయిళ్లు పంపి, బుకింగ్ సొమ్ము తిరిగి ఇచ్చేస్తామంది. రెండు నెలలకే, జులై 15న, ముంబయిలోని బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో షోరూమ్ తెరిచింది. అందులో పెట్టింది మోడల్ వై, ధర దాదాపు 60 లక్షల నుంచి. బుకింగ్ సొమ్ము వెనక్కి వచ్చింది కదా, నష్టమేముంది అనవచ్చు. నిజమే, ఆ రశీదు ఇచ్చిన హామీ కూడా అంతవరకే.

కాబట్టి రశీదు వెనక చిన్న అక్షరాల్లో చూడాల్సిన మొదటి వాక్యం రద్దు గురించినది. చాలా కంపెనీలు చాసిస్ కేటాయించేవరకూ పూర్తి సొమ్ము వెనక్కి ఇస్తాయి, ఆ తర్వాత కొంత కోస్తాయి. రెండో వాక్యం ధర గురించినది: "డెలివరీ నాటి ధర వర్తిస్తుంది." ఇది దాదాపు ప్రతి బుకింగ్ ఫారంలోనూ ఉంటుంది. సేల్స్ ఎగ్జిక్యూటివ్ నోటితో ఏం చెప్పినా, సంతకం మనం పెట్టింది ఆ వాక్యం కింద.

వరుస ఒకటి కాదు, అనేకం

"వెయిటింగ్ ఎంత?" అని అడిగితే "మూడు నెలలు సార్" అంటారు. సినిమా టికెట్ల క్యూలాగా ముందొచ్చినవారికి ముందు అనుకుంటాం. అలా ఉండదు. మహీంద్రా కార్ల సంగతే చూడండి. పెద్ద బ్యాటరీ, అన్ని హంగులూ ఉన్న ప్యాక్ త్రీ డెలివరీలు 2025 మార్చిలో మొదలుపెడతామనీ, ప్యాక్ త్రీ సెలెక్ట్ జూన్‌లో, ప్యాక్ టూ జులైలో, ప్యాక్ వన్ ఆగస్టులో అనీ కంపెనీ ముందే చెప్పింది. తొలిరోజు బుకింగ్‌లలో 73 శాతం ప్యాక్ త్రీకే వచ్చాయి. ఫిబ్రవరి 14 పొద్దున్నే ప్యాక్ వన్ బుక్ చేసుకున్న మనిషి ఆగస్టు దాకా ఆగాలి. నెల తర్వాత వచ్చి ఖరీదైనది తీసుకున్న మనిషి అతని ముందే తాళం చెవి ఊపుకుంటూ వెళ్లిపోవచ్చు. ఇందులో మోసమేమీ లేదు. కొత్త ఫ్యాక్టరీ లైను మొదట్లో నెమ్మదిగా నడుస్తుంది. తయారయ్యే కొద్ది కార్లలో లాభం ఎక్కువున్న రకాన్నే ఎవరైనా ముందు తయారు చేస్తారు. ప్రకటనల్లో పెద్దక్షరాలతో వేసే ప్రారంభ ధర మాత్రం చివర వచ్చే రకానిది. అది కాస్త చిరాకు పుట్టించే సంగతే.

వేరియంట్ల వరుసల కింద రంగుల వరుసలు, వాటి కింద డీలర్ల వరుసలు ఉంటాయి. హైదరాబాద్‌లో ఒకే కంపెనీకి డజను షోరూములుంటే, ప్రతిదానికీ నెలనెలా వచ్చే కోటా వేరు, రద్దు చేసుకునేవాళ్ల సంఖ్య వేరు. తెలుపు రంగు కారు మియాపూర్‌లో నెలకు, ఎల్బీనగర్‌లో మూడు నెలలకు దొరకడం వింత కాదు. అందుకే వెయిటింగ్ ఎంత అని అడగడం కంటే ఈ రెండు ప్రశ్నలు వేయడం మేలు: ఈ వేరియంట్‌లో, ఈ రంగులో మీ దగ్గర నాకంటే ముందు ఎంతమంది ఉన్నారు? పోయిన నెల ఈ రకం మీకు ఎన్ని వచ్చాయి? మొదటిదాన్ని రెండో దానితో భాగిస్తే మన నెలలు తేలతాయి. జవాబు దాటవేస్తే అది కూడా ఒక జవాబే.

ఇక ఫ్యాక్టరీ వెనక ఇంకో వరుస ఉంది, అది మన డీలరు చేతిలో గానీ, కంపెనీ చేతిలో గానీ లేనిది. ఎక్కువ ఎలక్ట్రిక్ కార్ల మోటార్లలో శాశ్వత అయస్కాంతాలుంటాయి. నియోడైమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసినవి. మోటారు వేడెక్కినా అయస్కాంత శక్తి తగ్గకుండా ఉండడానికి వాటిలో కొద్దిగా డిస్ప్రోషియమో టెర్బియమో కలుపుతారు. ఒక కారుకు ఈ అయస్కాంతాలు ఒకటి రెండు కిలోలకు మించి పట్టవు. ప్రపంచంలో వీటి తయారీ దాదాపు తొంభై శాతం చైనాదే. 2025 ఏప్రిల్ 4న చైనా డిస్ప్రోషియం, టెర్బియం సహా ఏడు రేర్ ఎర్త్ లోహాలకూ, వాటితో చేసిన అయస్కాంతాలకూ ఎగుమతి లైసెన్సు తప్పనిసరి చేసింది. కిలో రెండు కిలోల వస్తువు రాకపోతే, రెండు టన్నుల కారు లైను మీద నిలబడిపోతుంది. మారుతీ సుజుకీ తన తొలి ఎలక్ట్రిక్ కారు ఈ-విటారా తయారీ లక్ష్యాన్ని ఆ ఏడాది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు దాదాపు 26,500 నుంచి 8,200కు తగ్గించుకుందని జూన్‌లో రాయిటర్స్ రాసింది. ఆ తయారైనవి కూడా ముందు మనకు రాలేదు. ఆగస్టు 26న గుజరాత్‌లోని హన్సల్‌పూర్‌లో ప్రధాని జెండా ఊపింది ఎగుమతి కార్లకు.

మన తీరం ఇసుకలోనే, శ్రీకాకుళం నుంచి కిందికి, రేర్ ఎర్త్ లోహాలుండే మోనజైట్ ఖనిజం ఉంది. 2023 మేలో విశాఖపట్నంలో ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ శాశ్వత అయస్కాంతాల కర్మాగారం ప్రారంభమైంది కూడా. అయితే దాని సామర్థ్యం ఏడాదికి మూడు వేల కిలోలు, తయారయ్యేది సమేరియం-కోబాల్ట్ రకం. అది రక్షణ, అణుశక్తి, అంతరిక్ష రంగాల అవసరాల కోసం. కారు మోటారుకు కావాల్సిన నియోడైమియం రకాన్ని దేశంలో ఏడాదికి ఆరు వేల టన్నుల మేర తయారు చేయించడానికి 7,280 కోట్ల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2025 నవంబరులో ఆమోదించింది. బ్యాటరీ సెల్స్ కథ కూడా ఇలాంటిదే. ప్యాకులు ఇక్కడే కూర్చుతున్నారు, లోపలి సెల్స్ ఎక్కువగా చైనా నుంచి వస్తున్నాయి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా కడుతున్న సెల్ ఫ్యాక్టరీ వంటివి పూర్తిస్థాయికి వచ్చాక ఈ వరుస కురచ కావాలి. ఇప్పుడు బుక్ చేసినవారికి మాత్రం అది అక్కరకు రాదు.

నెలాఖరుల సంగతి కూడా ఒక మాట. కార్ల కంపెనీలు ప్రతి నెలా ఒకటో తేదీన ప్రకటించే అమ్మకాలు సాధారణంగా డీలర్లకు పంపిన కార్ల లెక్క, మనకు ఇచ్చిన కార్లది కాదు. అందుకే నెల చివరి వారంలో షోరూమ్ యార్డులు నిండుతాయి. నెలాఖరున ఫోన్లు కూడా ఎక్కువ వస్తాయి: "సార్, మీ రంగు లేదు గానీ నీలం ఉంది, ఇవాళ బిల్లింగ్ చేసేద్దామా?" డీలర్ల సంఘం ఫాడా రిజిస్ట్రేషన్ల ఆధారంగా వేరే లెక్క వేస్తుంది. చాలా ఏళ్లు ఆ లెక్క కింద "తెలంగాణ మినహా" అని ఒక చిన్న గమనిక ఉండేది. ఈ రాష్ట్రం కేంద్ర వాహన్ పోర్టల్‌లో లేకపోవడమే కారణం. హైదరాబాద్ రోడ్ల మీద ఇన్ని ఎలక్ట్రిక్ కార్లు కనిపిస్తుంటే జాతీయ లెక్కలో అవి లేకపోవడం తమాషాగా ఉండేది.

ఇన్వాయిస్ నాడు తేలేవి

ధర, జీఎస్టీ తేలేది ఇన్వాయిస్ తేదీ మీద. ఎలక్ట్రిక్ కార్ల మీద జీఎస్టీని 2019 ఆగస్టు 1 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. అది ఇప్పటికీ అంతే. 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18కి దిగింది. అంతకు ముందు బుక్ చేసి అడ్వాన్సు కట్టినవాళ్లు పాత పన్నే కట్టాలేమోనని కంగారు పడ్డారు. వస్తువుల విషయంలో పన్ను అడ్వాన్సు నాడు పడదు. కారూ ఇన్వాయిస్సూ రెండూ మార్పు తర్వాతివైతే కొత్త రేటే. ఈ సూత్రం రెండు వైపులా పదునైనదే. రేపెప్పుడైనా ఎలక్ట్రిక్ కార్ల మీద 5 శాతాన్ని పెంచితే, నిన్నటి బుకింగ్ రశీదు మనల్ని కాపాడదు.

ధర పది లక్షలు దాటితే డీలరు ఒక శాతం టీసీఎస్ (అమ్మకం దగ్గరే పట్టుకునే ఆదాయ పన్ను) వసూలు చేస్తాడు. అది మన పాన్ ఖాతాలో జమ అవుతుంది, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. రుణం వడ్డీ మీద లక్షన్నర వరకూ మినహాయింపు ఇచ్చే 80ఈఈబీ సెక్షన్ గురించి ఇప్పటికీ కొందరు సేల్స్ ఎగ్జిక్యూటివ్‌లు చెబుతుంటారు. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన రుణాలకే.

రుణం దగ్గర జాగ్రత్త పడాల్సింది వడ్డీ రేటు కంటే విడుదల తేదీ. బ్యాంకు డబ్బు డీలరు ఖాతాలో పడిన రోజు నుంచి మన వడ్డీ మొదలు. కారు ఎక్కడో పుణె దగ్గర ట్రెయిలర్ ఎక్కడానికి ఎదురుచూస్తుండగా, "సార్, డబ్బు పడితే అలాట్‌మెంట్ త్వరగా అవుతుంది" అంటారు. నాకు తెలిసిన ఒక ఉద్యోగి ఇలా ఒప్పుకుని, కారు రాకముందే తొలి వాయిదా కట్టారు. చాసిస్ నంబరు రాతపూర్వకంగా చేతికి వచ్చి, కారును కళ్లతో చూశాకే బ్యాంకుకు విడుదల చేయమని చెప్పాలి. అంతవరకూ మంజూరు పత్రం చాలు.

బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతిలో కొంటే ఇదంతా రెండింతలు. 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ 9.99 లక్షలకే అని వచ్చింది. బ్యాటరీకి అప్పట్లో కిలోమీటరుకు మూడున్నర రూపాయలు వేరే. బ్యాటరీతో కలిపి కొంటే అప్పటి ధర 13.5 లక్షల నుంచి. కారుకో ఒప్పందం, బ్యాటరీకో ఒప్పందం. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్ల సొమ్ము అనే షరతు ఉంటుంది. తక్కువ తిరిగేవారికి అది చవక బేరం కాదు.

రిజిస్ట్రేషన్, ముహూర్తం

రాష్ట్ర ప్రభుత్వపు మినహాయింపులు రిజిస్ట్రేషన్‌తో ముడిపడి ఉంటాయి. తెలంగాణ 2024 నవంబరులో జీవో 41 ద్వారా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. అంతకు ముందు విధానంలో కార్లకు సంఖ్యా పరిమితి ఉండేది, దాన్ని ఎత్తేసింది. గడువు 2026 డిసెంబరు 31. పెట్రోలు కారుకు ఈ ధరల్లో లైఫ్ ట్యాక్స్ పదిహేను శాతం పైనే ఉంటుంది కాబట్టి, పదిహేను లక్షల కారు మీద ఈ మాఫీ రెండు లక్షలు దాటుతుంది. గడువుకు కాస్త ముందు బుక్ చేసేవారికి అసలు ప్రశ్న 'ఎప్పుడు బుక్ చేశాను' అన్నది కాదు, 'ఎప్పుడు రిజిస్టర్ అవుతుంది' అన్నది. రెండు నెలల వెయిటింగ్ ఉన్న కారును నవంబరులో బుక్ చేస్తే ఆ రెండు లక్షలనూ పందెంలో పెట్టినట్టే. మాఫీ పోతే బుకింగ్ కోత లేకుండా రద్దు చేసుకోవచ్చా అన్నది డీలరు చేత రాయించుకోవాలి.

ఇక్కడే అమెరికాలోని మనవాళ్ల అనుభవం వేరుగా నడిచింది. 7,500 డాలర్ల రాయితీని 2025 సెప్టెంబరు 30తో ముగిస్తూ అక్కడ చట్టం వచ్చింది. కారు రావడం ఆలస్యమైతే ఎలా అని ఆర్డరు పెట్టినవాళ్లంతా గుంజాటన పడ్డారు. అక్కడి పన్నుల శాఖ ఆగస్టులో స్పష్టత ఇచ్చింది: గడువులోగా కట్టుబడే రాత ఒప్పందం చేసుకుని, కొంత సొమ్ము కట్టి ఉంటే చాలు, కారు తర్వాత చేతికొచ్చినా రాయితీ వస్తుందని. అంటే ఆ చట్టం ఒప్పందపు తేదీని పట్టుకుంది, మన జీవో రిజిస్ట్రేషన్‌ను పట్టుకుంది. ప్రభుత్వం ఏ రాయితీ ప్రకటించినా అందులో మొదట వెతకాల్సిన మాట, ఏ తేదీని లెక్కలోకి తీసుకుంటారన్నదే.

ఇవి చాలవన్నట్టు మనకు అయిదో తేదీ ఒకటుంది, అది పంచాంగంలోది. ఆషాఢం, శూన్యమాసం, మూఢాలు, అమావాస్య, మంగళవారం అన్నీ పోగా మిగిలిన రోజుల్లోనే కారు ఇంటికి రావాలి. తమిళులు అమావాస్యను మంచిరోజంటారు గానీ మన షోరూముల్లో ఆ రోజు ఈగలు తోలుకోవాల్సిందే. దసరాకూ ధనత్రయోదశికీ మాత్రం వంద కార్లకు ఒకే పూజారి. దీనివల్ల ఒక చిన్న లాభం ఉంది. మూఢాల్లో కారు కేటాయిస్తే ముందున్నవాళ్లు "తర్వాత చూద్దాం" అని వదిలేస్తారు. పట్టింపు లేనివారు తమ పేరు రాయించి పెట్టుకుంటే ఆ బండి వాళ్లకు వస్తుంది. పట్టింపు ఉన్నవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఈ నెలలో బిల్లింగ్ చేయించి, వచ్చే నెల మంచిరోజున తీసుకెళ్తామంటే ఆ మధ్య కాలమంతా కారు మనదే, వడ్డీ మనదే, యార్డులో గీత పడినా వాదన మనదే. దానికి బదులు ఇన్వాయిస్‌నే ముహూర్తానికి నాలుగైదు రోజుల ముందు పెట్టించుకోవడం నయం.

కారు రాకముందే ఇంట్లో కావాల్సినది

బుక్ చేసినవాళ్లు రోజూ డీలరుకు ఫోను చేస్తారు. కరెంటు ఆఫీసుకు వెళ్లరు. నా దృష్టిలో వెయిటింగ్ కాలానికి ఉన్న అసలు ఉపయోగం ఇదే. ఇంట్లో పెట్టే సాధారణ ఏసీ వాల్ ఛార్జర్ 32 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే దాదాపు 7.4 కిలోవాట్లు. మీ కరెంటు బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్ అన్న గడి చూడండి. రెండో మూడో కిలోవాట్లు ఉంటుంది. రాత్రి రెండు ఏసీలు నడుస్తుండగా ఛార్జర్ ఆన్ చేస్తే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. లోడు పెంచమని డిస్కంకు దరఖాస్తు చేయాలి, లేదా కారుకు విడిగా కనెక్షన్ తీసుకోవాలి. అలా విడి కనెక్షన్ అడిగే హక్కు 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఉంది. మహానగరాల్లో మూడు రోజులు, ఇతర పట్టణాల్లో ఏడు, పల్లెల్లో పదిహేను రోజుల్లో కొత్త కనెక్షన్ ఇవ్వాలని ఆ నిబంధనలే చెబుతున్నాయి. విడి మీటరుతో ఇంకో మేలుంది: ఇంటి వాడకం పై స్లాబులోకి ఎక్కదు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే నూట యాభై, నూట అరవై యూనిట్లు కారే తాగుతుంది.

అపార్ట్‌మెంట్లలో కథ పొడుగు. మీటర్లన్నీ సెల్లార్‌లో ఒక గోడకు ఉంటాయి, మన పార్కింగ్ అవతలి మూలన ఉంటుంది. కేబుల్ ఎవరి పార్కింగ్ మీదుగా వెళ్లాలన్న దాని మీద అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పానిపట్టు యుద్ధం జరుగుతుంది. కంపెనీ ఉచితంగా పెట్టే ఛార్జర్‌తో వచ్చే కేబుల్ సాధారణంగా పది పదిహేను మీటర్లు, ఆపైన మీటరుకు ఇంత అని మనమే కట్టాలి. కాబట్టి బుకింగ్ అయిన వారంలోనే అసోసియేషన్‌కు ఉత్తరం ఇచ్చి, ఎలక్ట్రీషియన్‌తో దూరం కొలిపించి, ఎర్తింగ్ చూపించుకోవాలి. పాత భవనాల్లో ఎర్తింగ్ గుంత ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. ఫ్రిజ్జు, టీవీ దానితోనే కాలక్షేపం చేస్తాయి గానీ ఛార్జర్ ఒప్పుకోదు. ఎర్త్ సరిగా లేదని తెలిసిన క్షణమే ఎర్ర దీపం వెలిగించి మొరాయిస్తుంది. అంత హంగామా వద్దనుకుంటే పదిహేను ఆంపియర్ల సాకెట్ కూడా పనికొస్తుంది. మంచి కేబుల్, విడి ఎంసీబీ ఉంటే రాత్రి పది గంటల్లో ముప్పై యూనిట్లు ఎక్కుతాయి, దాదాపు రెండు వందల కిలోమీటర్లకు సరిపడా. రోజూ నలభై కిలోమీటర్లు తిరిగే మనిషికి అది ఎక్కువే.

చాసిస్ నంబరు వచ్చాక

ఇప్పుడు నాలుగు తేదీల్లో రెండోదానికి వద్దాం. చాసిస్ నంబరు వచ్చిన రోజుకూ ఇన్వాయిస్ రోజుకూ మధ్య ఉన్న ఖాళీయే మన బలం. ఆ ఖాళీలో కారును యార్డుకు వెళ్లి చూడాలి. రిజిస్ట్రేషన్ అయిపోయాక, పూలదండ వేశాక, కుటుంబమంతా కొత్త బట్టల్లో నిలబడ్డాక లోపం కనబడితే ఎవరూ వద్దనలేరు. ఆ సంగతి షోరూమ్‌కూ తెలుసు.

చూడాల్సింది రంగు మెరుపు ఒక్కటే కాదు. తలుపు దగ్గరి ప్లేటు మీద, అద్దం కింద ఉన్న నంబరు, మనకు పంపిన నంబరు ఒకటేనా? తయారైన నెల ఏది? అమ్మకపు ధ్రువపత్రం ఫారం 21లో ఇది తప్పనిసరిగా ఉంటుంది. ముందే అడగొచ్చు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 3225 అంటే 2025లో 32వ వారం. టైర్లకూ కారుకూ ఏడాది తేడా ఉంటే ఎందుకని అడగాలి. ఎలక్ట్రిక్ కారు నెలల తరబడి యార్డులో పడి ఉంటే పెద్ద బ్యాటరీ కంటే ముందు చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ చతికిలబడుతుంది. అది దిగితే తలుపులు కూడా సరిగా తెరుచుకోవు. పెద్ద బ్యాటరీని నిండుగా గానీ, పూర్తిగా ఖాళీగా గానీ ఎండలో వదిలేయడం దానికి మంచిది కాదు. కాబట్టి తెర మీద ఛార్జింగ్ శాతం ఎంత ఉందో చూడండి. నెమ్మది ఛార్జర్‌కూ, ఫాస్ట్ ఛార్జర్‌కూ రెండిటికీ తగిలించి, ఛార్జింగ్ మొదలయ్యేదాకా ఆగండి. చాలామంది రెండోది చూడరు. హైవే మీద తొలి ప్రయాణంలో తెలుస్తుంది.

బీమా డీలరు దగ్గరే తీసుకోవాలన్న నిబంధన లేదు. కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు కలిపి తీసుకోవడం తప్పనిసరి, ఎలక్ట్రిక్ కార్లకు ఆ ప్రీమియంలో 15 శాతం తగ్గింపు ఉంది. ఆన్‌రోడ్ ధరలో 'హ్యాండ్లింగ్ ఛార్జీలు' అనే వరుస కనబడితే, అది ప్రభుత్వానికి వెళ్లేది కాదని గుర్తుంచుకుని, దేనికో చెప్పమనండి. చెప్పిన గడువు దాటి నెలలు గడిచినా కారూ డబ్బూ రెండూ రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయవచ్చు. బుకింగ్ రశీదు, చెప్పిన తేదీలున్న మెసేజ్‌లు, రద్దు కోరుతూ పంపిన మెయిలు ఉంటే లాయరు లేకుండా కూడా నడుస్తుంది.

డెలివరీ నాటికి కారుకు ఫాస్టాగ్ అంటించి ఇస్తారు. అది చాసిస్ నంబరు పేరు మీదే తెరిచి ఉంటుంది. ఆకుపచ్చ నంబరు ప్లేటు వచ్చాక ఆ నంబరును, కారు కొన్న 90 రోజుల్లోగా, ఫాస్టాగ్ ఖాతాలో చేర్పించాలి. లేకపోతే ట్యాగ్‌ను బ్లాక్ చేస్తారు, టోల్‌గేటు దగ్గర ఎక్కువ కట్టాల్సి వస్తుంది. డీలరే చేస్తాడని అనుకోకుండా బ్యాంకు యాప్‌లో ఒకసారి చూసుకోండి.